బాక్సర్‌గారి పెన్సిల్ డైరీ

పాత కాగితాన్ని పాడుచేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంట. చిరుగులకి సెల్లోటేపు అంటించేవాళ్లు, భద్రంగా ఉంటుందని లామినేషన్ చేయించేవాళ్లు, ముడతలు పోవాలని ఇస్త్రీ పెట్టేవాళ్లు, అందరూ నా దృష్టిలో ఒకటే జాతి. తెనాలిలో మా ఇంటి ముందు గదిలో ఇనప బీరువాల నిండా నేను పోగుచేసినవే ఉంటాయి. పాత ఆటల పోటీల టిక్కెట్లు, కుస్తీ పందేల కరపత్రాలు, కబడ్డీ జట్ల గ్రూపు ఫోటోలు, ఆటగాళ్లు సంతకాలు పెట్టిన పుస్తకాలు. ఆడదానివి, నీకీ కుస్తీల పిచ్చేంటి అని మా అత్తగారు ఉన్నన్నాళ్లూ అడిగేవారు. మా ఆయన అడగడు. బీరువాలో చోటు లేక చొక్కాలు కుర్చీ వీపు మీద వేసుకుంటాడు, అంతే.

పిచ్చి ఎక్కడ మొదలైందంటే బాపట్లలో. నేను పుట్టి పెరిగింది అక్కడే. ఐదో ఆరో చదువుతుండగా ఒకరోజు మా బడికి సెలవిచ్చి పిల్లలందర్నీ రోడ్డు పక్కన వరసగా నిలబెట్టారు. కలకత్తాలో ఫైనల్ గెలిచి వచ్చిన బాక్సర్‌ని జీపులో ఊరేగిస్తున్నారు. మనవైపు మనిషేరా, రేపల్లె మనిషి అని మా మాస్టారు తనే గెలిచొచ్చినట్టు పొంగిపోతున్నారు. జీపు వచ్చింది. మెడ కనపడకుండా బంతిపూల దండలు వేసుకున్న కుర్రవాడు సిగ్గుపడుతూ నిలబడి ఉన్నాడు. మా దగ్గరికి రాగానే దండలోంచి ఒక పువ్వు తెంపి మావైపు విసిరాడు. అది నాకు దొరకలేదు, నా పక్కపిల్లకి దొరికింది. ఆ పువ్వు దొరికుంటే మా ఇంట్లో ఈ బీరువాలు ఉండేవి కావని మా ఆయన వాదన. కాదని చెప్పడానికి నా దగ్గర పెద్ద ఆధారాలేం లేవు.

ఆ తర్వాత ఆయన ఇంకొన్నేళ్లు ఆడాడు, పేపర్లో ఫోటోలు పడ్డాయి, ఉద్యోగం వచ్చింది, ఏదో దూరపు ఊళ్లో స్థిరపడ్డాడని విన్నాం. మెల్లగా అందరూ మర్చిపోయారు. నేను మాత్రం ఆయన ఫోటో పడిన ప్రతి పేపరు ముక్కా దాచుకున్నాను. ఉన్నాడో పోయాడో కూడా తెలియని మనిషివి.

రెండేళ్ల క్రితం బాపట్లలో నాతో పనిచేసినావిడ కూతురి పెళ్లయింది. చర్చిలో ప్రార్థన అయ్యాక భోజనాల దగ్గర నా పక్కన రిటైరైన డ్రిల్లు మాస్టారొకాయన కూర్చున్నారు. ఆటల మాట ఎత్తితే నేను ఊరుకోను కదా, అలా అలా బాక్సర్‌గారి దగ్గరికి వచ్చాం. ఆయన బతికే ఉన్నాడమ్మా అన్నారు మాస్టారు. భార్య పోయాక రేపల్లెలో వాళ్లక్కగారు తెచ్చి పెట్టుకుందిట. మతి సరిగా లేదుట. నేను అయ్యో అంటుండగానే ఆయన పప్పులో నెయ్యి వేయించుకుంటూ ఇంకో మాట అన్నారు. కలకత్తాలో గెలిచిన ఏడాది ఆయన రోజూ డైరీ రాసేవాడట, అదిప్పటికీ వాళ్లక్కగారి దగ్గరే ఉందట. నా విస్తట్లో భోజనం అలాగే ఉండిపోయింది.

పోగుచేసేవాళ్లకి తప్ప ఇది అర్థం కాదు. టిక్కెట్లు వేలల్లో అచ్చవుతాయి, నాది చిరిగితే ఇంకొకరి దగ్గర దొరుకుతుంది. డైరీ లోకం మొత్తానికి ఒక్కటే. పేరున్న ఆటగాడు, తను గెలిచిన ఏడాది, తన చేత్తో, ఎవరికీ చూపించాలని కాకుండా రాసుకున్నది. పెద్ద నగరాల్లో ఇలాంటివాటిని అద్దాల పెట్టెల్లో పెట్టి లైట్లు వేస్తారు. అది నాకు కావాలి. ఆ రాత్రి నాకు బాక్సర్‌గారి మతి గురించి బెంగ కలగలేదు, డైరీకి చెదలు పట్టి ఉంటుందేమోనని కలిగింది. నేనేమీ మహాత్మురాలిని కాను.

మర్నాడే రేపల్లె ప్యాసింజరెక్కాను. స్టేషన్లో దిగి అడిగితే ఆటో అబ్బాయికి బాక్సర్‌గారి ఇల్లంటే తెలియలేదు. ఆయన అక్కగారు మిషన్ బళ్లో చేసేవారట అనగానే, టీచర్‌గారిల్లా అంటూ తిన్నగా తీసుకెళ్లి బియ్యం మిల్లు వెనక డాబా ముందు దింపాడు. ఆ బజారులో సగం మందికి ఆవిడే అక్షరాలు నేర్పిందట. ఉద్యోగమంతా ఒకటో తరగతే చెప్పింది, ప్రమోషనిస్తే వద్దందట.

ఎనభైకి దగ్గర పడిన మనిషి. తెల్లచీర, లావు అద్దాలు, నిటారుగా నడక. వరండాలో నవారు కుర్చీలో ఆయన ఉన్నాడు. ఎంత పెద్ద మనిషో, అంతా మడిచి పెట్టినట్టు కూర్చున్నాడు, చేతులు రెండూ మోకాళ్ల మీద బోర్లా పెట్టుకుని. నమస్కారం పెడితే నా వెనకున్న గోడని చూశాడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. జీపులో నిలబడ్డ మనిషిని నేనింకా మనసులో అలాగే దాచుకున్నాను మరి.

టీచర్‌గారు టీ ఇచ్చి, నేను చెప్పిన పువ్వు కథ విని నవ్వింది. డైరీ సంగతి అడిగితే బెట్టు చేయలేదు, లోపలికెళ్లి బిస్కెట్ల డబ్బాలోంచి దిండుగలీబులో చుట్టిపెట్టింది తీసుకొచ్చి నా ఒళ్లో పెట్టింది. ఎరువుల కంపెనీవాళ్లు ఊరికే పంచే డైరీ, పచ్చ అట్ట. చేతికి కట్లు కట్టుకుని పెన్ను పట్టుకుంటే ఇంకు అంటుతుందని పెన్సిల్‌తో రాసేవాడని ఆవిడ చెబుతూనే ఉంది. చెయ్యి తుడుచుకుని అట్ట తెరిచాను.

మొదటి పేజీ నిండా నీలం బాల్‌పెన్ను. రెండో పేజీ కూడా అంతే. గబగబా తిప్పాను. జనవరి, ఫిబ్రవరి, ఎండాకాలం మొత్తం, ప్రతి అక్షరం మీదా ఎవరో నొక్కి నొక్కి బాల్‌పెన్నుతో దిద్దేశారు. కింద పెన్సిల్ గీత ఎక్కడో తప్ప కనపడటం లేదు.

ఎవరు చేశారండీ ఈ పని అని అడిగాను. మేమే అంది టీచర్‌గారు, అన్నంలో పెరుగు ఎవరు వేశారంటే చెప్పినంత మామూలుగా. ఇంక నేను ఆగలేదు. ఇది ఎంత అపురూపమైన వస్తువో, దీని మీద ఇంకొకరి గీత పడితే ఎలా చచ్చిపోతుందో, చదువు చెప్పినవాళ్లే ఇలా చేస్తే ఎలాగో, ఊపిరి తీసుకోకుండా చెప్పాను. అప్పటికప్పుడు ఇంట్లోంచి గెంటేసినా న్యాయమే. ఆవిడ మాత్రం మొదటిరోజు బళ్లో ఏడ్చే పిల్లని చూసినట్టు చూసింది. నేను అలిసిపోయాక, సాయంత్రం దాకా ఉండగలవామ్మా అని అడిగింది.

ఉన్నాను. కోపంతోనే ఉన్నాను. ఆవిడ పెట్టిన వంకాయ కూర కూడా కోపంతోనే తిన్నాను.

నాలుగు దాటాక ఆవిడ కిటికీ పక్కన బల్ల వేసి, తమ్ముణ్ణి తెచ్చి కూర్చోబెట్టి, డైరీ తెరిచి పెట్టింది. ఆయన చేతిలో పెన్ను పెట్టి, వెనక నిలబడి, ఆయన పిడికిలి మీద తన చెయ్యి వేసింది. మన పిల్లలందరికీ పలక మీద అక్షరాలు దిద్దించినట్టే. చెయ్యి కదిలింది. చెయ్యితో పాటు ఆయన పెదాలు కదిలాయి. అంతసేపూ చెక్కబొమ్మలా ఉన్న మనిషి బొంగురు గొంతుతో పైకి చదవడం మొదలుపెట్టాడు.

"పొద్దున వర్షం. పరుగు లేదు. గదిలోనే తాడాట. మధ్యాహ్నం చపాతీలు రాయిలా ఉన్నాయి."

పేజీ చివరికొచ్చాక పెన్నుకి మూత పెట్టి, "అయిపోయిందండి టీచర్‌గారూ" అన్నాడు. అంతే. మళ్లీ ఆ నోరు తెరుచుకోలేదు.

వాకిట్లో మంచం మీద కూర్చుని ఆవిడ మిగతాది చెప్పింది. తలకి తగిలిన దెబ్బలన్నీ ఇన్నేళ్లకి బయటపడుతున్నాయని డాక్టర్లు అన్నారట. ఇక్కడికి తెచ్చేసరికే మాట పోయింది, మనుషుల్ని గుర్తుపట్టడం పోయింది. ఒకరోజు డైరీ తీసి చూపిస్తే ఆయన వెలిసిపోయిన అక్షరాల మీద వేలు పెట్టి గీయడం మొదలుపెట్టాడట. ఆవిడకి తెలిసిన వైద్యం అదొక్కటే. వేలికి బదులు పెన్నిచ్చి, చెయ్యి మీద చెయ్యి వేసింది. చెయ్యి కదిలితే నోరు కదిలింది. రోజుకొక పేజీ, ఇన్నాళ్లకి వానాకాలం దాకా వచ్చారు. దిద్దించేది కాబట్టి ఆవిడ టీచరని మాత్రం ఆయనకి తెలుసు, అక్క అని తెలియదు.

"వాడు నన్ను అక్కా అని పిలిచి ఎన్నాళ్లయిందోనమ్మా," అంది. "కలకత్తా పేజీ వస్తే ఏమన్నా కదులుద్దేమోనని ఆశ. ఆ రోజు సంగతి నిద్దట్లో లేపి అడిగినా చెప్పేవాడు."

నేను ఆ పేజీ కోసం తిప్పాను. వానాకాలం తర్వాత బాల్‌పెన్ను తగలని ఆకులు. ఆ పేజీ మీద పెన్సిల్ గీతలు, కడిగేసిన గోడ మీద మిగిలిన బొగ్గు గీతల్లా, ఉన్నాయా అంటే ఉన్నాయి. చదవబోతే ఆవిడ అరచెయ్యి అడ్డం పెట్టింది. తను కూడా చదవలేదట, తమ్ముడి నోటితోనే వినాలనుకుంటోందట. ఫోటో తీసుకుంటానంటే అదీ వద్దంది.

తిరుగు బండిలో నా బుర్ర ఒకటే లెక్క వేసింది. ఆ పేజీ ఇంకా బతికే ఉంది. ఆయన చేతికి అందేలోపు దాన్ని కాపాడాలి. ఆవిడ బాధ నాకు తగల్లేదని కాదు, గట్టిగానే తగిలింది. కానీ రెండూ కావాలనిపించింది, ఆయన దిద్దాలి, పేజీ మిగలాలి.

దానికి నాకొక ఉపాయం తట్టింది. మరోసారి వెళ్లి ఆవిడ ఒప్పుకున్న పేజీలకి ఫోటోలు తీసుకుని, తెనాలిలో మంచి కాగితం మీద ప్రింట్లు తీయించి, అదే సైజులో, అదే పచ్చ అట్టతో బైండు చేయించాను. ఆయన దీని మీద దిద్దితే కలకత్తా పేజీ నకలుకి కూడా ఆవిడ ఒప్పుకుంటుందని నా ఆశ. ముచ్చటగా వచ్చింది. తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాం. మెల్లగా తిప్పి చూశాడు. నల్లటి ప్రింటు మీద వేలు పెట్టి, "ఇది రాసేసిందేగదండీ" అని పక్కకి తోసేశాడు. లేతగా తీయించి ఇంకొకటి పట్టుకెళ్లాను. కాగితాన్ని వేళ్లతో తడిమాడు. పెన్సిల్ నొక్కుడు తగల్లేదనుకుంటాను, దాన్నీ తోసేశాడు. పోనీ కలకత్తా పేజీ ఒక్కటీ వదిలేసి తర్వాతదానికి వెళ్దామన్నాను. అది కూడా కుదరదంది టీచర్‌గారు. ఒకసారి రెండాకులు అంటుకుని ఒక రోజు తప్పిపోతే, అది దొరికేదాకా ఆయన పెన్ను ముట్టుకోలేదట.

ఇంక నాకు అడిగే మొహం లేక మానేశాను. మానేశానన్నది పైకి. లోపల మాత్రం రోజూ వాళ్లు ఎక్కడిదాకా వచ్చుంటారో అనుకుంటూనే ఉన్నాను. పొయ్యి మీద కూర మాడ్చాను, కరెంటు బిల్లు రెండుసార్లు కట్టాను.

చలికాలం మొదట్లో ఒక పొద్దున ఆవిడే ఫోన్ చేసింది. ఆ పేజీ వచ్చిందమ్మా, చూసుకుంటానంటే రా అంది. ఏం చేస్తావు వెళ్లి, లాక్కొస్తావా అన్నాడు మా ఆయన. సంచీలో స్టీలు స్కేలు, కొత్త బ్లేడు వేసుకున్నాను. ఒక్క ఆకు అడుగుదామని. మొదట్లో చెప్పిన జాతిలోకి నేనూ చేరిపోతున్నానని బండి కదిలాక తోచింది, దిగిపోలేదు మాత్రం.

వెళ్లేసరికి టీచర్‌గారి కుడి మణికట్టుకి కట్టు ఉంది. బాత్రూం దగ్గర కాలు జారిందట. దిద్దడం ఆగిపోయి ఆయన అన్నం కూడా సరిగా తినటం లేదు. పక్కింటి కోడలు ప్రయత్నం చేస్తే చెయ్యి లాగేసుకున్నాడట, ఆ పిల్ల భయంతో వణుకుతూ పట్టుకుంది కాబోలు. ఎడమ చేత్తో ఆవిడకి కుదరలేదు. సంగతంతా చెప్పి ఆవిడ నా చేతులకేసి చూసింది. ఎందుకు పిలిచిందో అప్పటికి అర్థమైంది.

దాచుకోవడం నాకు చేతకాదు. నేను ఎందుకొచ్చానో చెప్పేశాను. ఆ ఒక్క ఆకూ ఇస్తే ఆయన పేరు రాసి అద్దంలో పెట్టిస్తానని, నా తర్వాత ఏదైనా మంచి చోటుకి చేరేలా చూస్తానని, లేకపోతే ఈ ఊళ్లో ఆటో అబ్బాయికి కూడా ఆయనెవరో తెలియదని అన్నాను. అన్న తర్వాత నాకే కష్టమనిపించింది, కానీ అబద్ధం మాత్రం కాదు.

ఆవిడ కోప్పడలేదు. డైరీ తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"నువ్వన్నది నిజమేనమ్మా. ఇది పోతే వాడి పేరు ఎక్కడా ఉండదు. నీ దగ్గరుంటే ఎవరో ఒకరు చూస్తారు, అదీ వాడికి మంచిదే. కోసుకుంటే కోసుకో, నేను ఏమీ అనుకోను. నాకైతే ఒక్కసారి వినాలనుంది."

కిటికీ పక్కన ఆయన అప్పటికే కూర్చుని ఉన్నాడు. పెన్ను మూత తీసి పట్టుకుని, ఖాళీ బల్లకేసి చూస్తున్నాడు. స్టేషన్లో ఎప్పటి బండి కోసమో కూర్చున్నవాళ్లు అలా కూర్చుంటారు. డైరీ పట్టుకుని నేను గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాను. ఆ పేజీ నాకు ఎంత కావాలో ఇప్పటికీ మాటల్లో చెప్పలేను. ఆవిడ అరిచి ఉంటే, ఏడ్చి బతిమాలి ఉంటే, బహుశా నాకు తేలికయ్యేది.

సంచీ కుర్చీ కింద పెట్టి డైరీ ఆయన ముందు తెరిచాను.

వెనక నిలబడి ఆయన పిడికిలి మీద చెయ్యి వేశాను. బండరాయిలా ఉంటుందనుకున్న చెయ్యి, ఎండిన తాటాకంత తేలిగ్గా ఉంది. కణుపులు మాత్రం పెద్దవి, ఒకటి పక్కకి తిరిగి ఉంది. లాగేసుకుంటాడేమోనని గట్టిగా పట్టుకున్నాను. లాక్కోలేదు. మొదటి అక్షరం మీద బాల్‌పెన్ను పడింది. ఇన్నేళ్లలో నేను చేతులారా పాడుచేసిన కాగితం అదొక్కటే, అంతకన్నా విలువైంది నా చేతికి మళ్లీ రాదు. రెండో అక్షరం, మూడో అక్షరం. ఆయన గొంతు వచ్చింది.

"గెలిచాను. మూడు రౌండ్లూ నిలబడ్డాను. చెయ్యి ఎత్తినప్పుడు హాలంతా లేచింది."

టీచర్‌గారు బల్లకి అటువైపు వచ్చి నిలబడింది. ఆయన ఆపలేదు. నోట్లో రక్తం వచ్చిందని, అన్నం మింగుడుపడక మజ్జిగ తాగానని, గదిలో తోటివాళ్లు పడుకోనివ్వకుండా పాటలు పాడుతున్నారని చదివాడు. గొంతు మామూలుగానే ఉంది, చపాతీల గురించి చదివినట్టే. ఆవిడ మొహంలో ఆశ కొంచెం కొంచెంగా తగ్గడం నాకు కనపడుతూనే ఉంది. నాకు ఆయన మీద కోపం వచ్చింది. పాపం, ఆయనేం చేస్తాడు. పేజీ చివర ఒక్క వరస మిగిలింది. దిద్దాడు.

"అక్కకి కార్డు రాయాలి."

పెన్నుకి మూత పెట్టలేదు. అయిపోయిందండి అని కూడా అనలేదు. ఆ వరసకేసి చూస్తూ ఉండిపోయాడు. నా చెయ్యి కింద ఆయన చెయ్యి బిగిసింది. తల ఎత్తి ఎదురుగా నిలబడ్డ ఆవిడని చూశాడు. నేను వచ్చినప్పటినుంచీ ఆయన అలా ఎవర్నీ సూటిగా చూడలేదు. ఆవిడ కట్టు కట్టిన చెయ్యి గుండెకి ఆనించుకుని ముందుకు వంగింది.

"టీచర్‌గారూ, ఒక కార్డుంటే ఇస్తారాండీ? మా అక్కకి రాయాలి. కంగారు పడతా ఉంటది."

నేను తల దించుకున్నాను. ఆవిడ మొహం చూసే ధైర్యం నాకు లేకపోయింది. కుర్చీ లాగిన చప్పుడైంది. ఆయన పక్కనే కూర్చుని, బళ్లో పిల్లాడితో మాట్లాడే గొంతుతోనే చెప్పింది.

"ఇస్తాను బాబూ. నువ్వు రాయి. అడ్రసు నాకు తెలుసు."